ఐల్‌బర్గ్ సైనిక పతకమూ, ఒక బేరిచెట్టూ

హార్ట్‌విగ్ ట్రోగర్ కట్టుడు పళ్ళు చేసేవాడు. డాక్టరు కాదు. డాక్టర్లు అచ్చులు పంపిస్తే వెనక గదిలో కూర్చుని పళ్ళు చెక్కే పనివాడు. మా ఐల్‌బర్గ్‌లో అరవై దాటినవాళ్ళు ఎవరు నవ్వినా అందులో సగం నవ్వు హార్ట్‌విగ్ చేసిందే. రిటైరయ్యాక ఆ ఓపికంతా తీసుకెళ్ళి పతకాల మీద పెట్టాడు.

నాకిదంతా ఎలా తెలుసంటే, స్టేషను పక్కనున్న నల్ల గుర్రం హోటలు నాది. పేరుకి హోటలే గానీ పైన నాలుగు గదులు, కింద బీరు, ఆదివారాలు బాతు మాంసం, బంగాళాదుంప ముద్దలు. పతకాల సంఘం ప్రతి గురువారం నా వెనక గదిలోనే కూర్చునేది. సంఘమంటే ముగ్గురు: హార్ట్‌విగ్, మందులషాపాయన, చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన. ముగ్గురికీ కలిపి మంచి మోకాలు ఒక్కటే ఉండేది.

ఒకప్పుడు మా జర్మనీ అంతా సంస్థానాలే కదా. ప్రతి సంస్థానానికీ ఒక రాజు, ఒక బాకా ఊదేవాడు, యుద్ధంలో గొప్ప పని చేసినవాడికి ఇవ్వడానికి ఒక సైనిక పతకం. కొన్నిచోట్ల సైనికులకంటే పతకాలే ఎక్కువ. హార్ట్‌విగ్ పోగుచేసేది ఇవే. బవేరియాది ఉంది, సాక్సనీది ఉంది, బాడెన్‌ది, లిప్పెది, వుర్టెంబర్గ్‌ది, అన్నీ నీలం మఖమలు గూళ్ళలో. హిట్లర్ కాలం నాటివి మాత్రం ఇంటి గడప తొక్కనిచ్చేవాడు కాదు. "అవి పతకాలు కావు, మచ్చలు" అనేవాడు.

"మా ఇంట్లో అంత శౌర్యం పెట్టెల నిండా ఉంది. సెల్లార్లో సాలీడు కనిపిస్తే మాత్రం నన్నే పిలుస్తాడు," అనేది అతని భార్య రోస్విథా. ఆమె ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఆమె గొంతుకి డిపోలో మెకానిక్కులు కూడా లేచి నిలబడేవారట.

హార్ట్‌విగ్ దగ్గర లేనిది ఒక్కటే, సొంత ఊరిది. ఐల్‌బర్గ్ సంస్థానం సైనిక పతకం. ఎక్కడో ఒక మ్యూజియంలో ఒకటుందని విన్నాడు, అద్దం మీద ముక్కు ఆనించి చూసి కూడా వచ్చాడు. బయట ఇంకొకటి ఉందో లేదో ఎవరికీ తెలీదు.

ఒక గురువారం ఎడెల్‌గార్డ్ దొరసాని నాకు గుడ్లు తీసుకొచ్చింది. ఆమె మా చివరి రాజావారి మనవరాలు. కోట ఎప్పుడో ముసలివాళ్ళ ఆశ్రమమైపోయింది. ఆమె మాత్రం కోట వెనక పాత గుర్రబ్బండ్ల కొట్టంలో కోళ్ళు పెంచుకుంటూ ఉంటుంది. ఎనభై దాటాయి. కమ్యూనిస్టుల కాలంలో కూడా ఊరంతా ఆమెని దొరసాని అనే పిలిచింది, కాకపోతే కాస్త గొంతు తగ్గించి.

ఆమె గుడ్ల బుట్ట బల్ల మీద పెట్టేసరికి అటుగా గ్లాసు పట్టుకుని వస్తున్న హార్ట్‌విగ్ అక్కడికక్కడే ఆగిపోయాడు. ఆమె శాలువా జారిపోకుండా మెడ దగ్గర ఏదో గుండ్రంగా, వెండి రంగులో మెరుస్తోంది.

"దొరసానిగారూ, ఆ... ఆ పిన్ను..."

"గుండీ ఊడిపోయింది," అంది ఆమె.

"ఎంతకిస్తారు?"

"పెద్దవా, చిన్నవా?"

"గుడ్లు కాదండీ!" హార్ట్‌విగ్ గొంతు కీచుమంది. "పతకం! అది ఐల్‌బర్గ్ సైనిక పతకం! మీరు... శాలువాకి పెట్టుకున్నారు!"

"మా ముత్తాతది. నా శాలువా. నా మెడ," అందామె. "అయినా అది అమ్మేది కాదు నాయనా. ఇచ్చేది. యుద్ధంలో గెలుచుకున్నవాడికి, ఐల్‌బర్గ్ రాజవంశం వాళ్ళు తమ చేత్తో ఇవ్వాలి. ఇప్పుడు ఆ వంశంలో మిగిలింది నేనే."

"కానీ ఇప్పుడు యుద్ధం ఎక్కడుందండీ?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను ఒక చిన్న గ్లాసులో చెర్రీ సారా పోసి ముందు పెట్టాను. అప్పుడు చెప్పింది. మాకూ పక్కనున్న గ్రైఫెన్ సంస్థానానికీ మధ్య ఒక వాగు సరిహద్దు. ఒక ఏడాది వరదొచ్చి వాగు దారి మార్చుకుంది. దాంతో ముత్తాతగారికి ప్రాణమైన బేరిచెట్టు రాత్రికి రాత్రి గ్రైఫెన్‌లోకి వెళ్ళిపోయింది. ఆయన యుద్ధం ప్రకటించాడు. గెలుపు ఖాయం కదా అని పతకాలు ముందే పోతపోయించాడు. సైన్యం వాగు దాకా వెళ్ళింది. వాన మొదలైంది. సార్జెంటుకి జలుబు చేసింది. వెనక్కి వచ్చేశారు.

"తర్వాత?" అన్నాడు హార్ట్‌విగ్.

"తర్వాత ఏముంది? వాన తగ్గాక వెళ్దామన్నారు. ఎవరూ వెళ్ళలేదు. శాంతి ఒప్పందమూ చేసుకోలేదు. ఆ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది," అని ఆమె గ్లాసు ఖాళీ చేసింది. "ఆ చెట్టుకి ఇప్పటికీ కాయలు కాస్తున్నాయట. శత్రువు తింటున్నాడు."

హార్ట్‌విగ్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతని నవ్వు కూడా మెల్లగా ఆగిపోయింది.

వారం తిరక్కుండా నా వ్యాను ఎక్కి నాతో పాటు గ్రైఫెన్ వచ్చాడు. నేను చేపల కోసం వెళ్తున్నాను, అతను యుద్ధం ప్రకటించడానికి. చెట్టున్న తోట గిస్బర్ట్ రౌహ్‌ది. గిస్బర్ట్ ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కారు నడపడం నేర్పినవాడు. నన్ను రెండుసార్లు ఏడిపించాడు, మూడోసారికి లైసెన్సు వచ్చింది. ఇప్పుడు రిటైరై చెప్పుల్లేకుండా యంత్రంతో గడ్డి కోస్తున్నాడు.

హార్ట్‌విగ్ కంచె దగ్గర నిటారుగా నిలబడి, గొంతు సవరించుకుని, "రౌహ్ గారూ, ఐల్‌బర్గ్ సంస్థానం తరఫున మీ బేరిచెట్టుని స్వాధీనం చేసుకోవడానికి వస్తున్నాం. ముందుగా చెప్పడం మర్యాద కాబట్టి చెబుతున్నాను," అన్నాడు.

గిస్బర్ట్ యంత్రం ఆపి అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. కుక్కని వదులుతాడేమో అనుకున్నాను. అతను మొహం తుడుచుకుని, "ఎప్పుడు?" అన్నాడు.

"ఆదివారం?"

"ఆదివారమా? మీకు బుద్ధుందా? ఆదివారం ఎవరూ చప్పుడు చేయకూడదు."

"పోనీ శనివారం?"

"పొద్దున కారు కడుక్కోవాలి. పదకొండింటికి రండి. కానీ ఒంటిగంట నుంచి మూడింటి దాకా విశ్రాంతి వేళ. పక్కింటి ముసలాయన ఈగ వాలినా పోలీసులకి ఫోను చేస్తాడు. గెలిచినా ఓడినా ఒంటిగంటలోపు తేలిపోవాలి."

"ఆయుధాలు?"

"గాజువి వద్దు. నేను చెప్పుల్లేకుండా తిరుగుతాను."

ఇద్దరూ కంచె మీదుగా చేతులు కలుపుకున్నారు. మేం వ్యాను ఎక్కుతుంటే గిస్బర్ట్ వెనకనుంచి, "ఒక్క అంగుళం ఇవ్వను!" అని అరిచాడు. అతని మొహంలో అంత వెలుగు నాకు లైసెన్సు వచ్చినరోజు కూడా చూడలేదు.

ఆ శనివారం సెప్టెంబరు ఎండ బాగా కాసింది. వాగుకి ఇవతల, మా ఒడ్డున, దొరసాని మడత కుర్చీలో కూర్చుంది. మోకాళ్ళ మీద దుప్పటి, చేతిలో నాటకాలు చూసే బైనాక్యులర్స్, మెడ దగ్గర పతకం. నేను ఆమె పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను. రోస్విథా రాలేదు. "అతను తడిసొస్తే ఆరేయడానికి ఇంట్లో ఒకరుండాలి," అందట.

సైన్యం మూడు గొడుగులతో వచ్చింది. శత్రువు దగ్గర తోటకి నీళ్ళు పెట్టే పైపు ఉందని ముందే తెలిసింది కాబట్టి గొడుగులు తెచ్చుకున్నారు. కానీ గిస్బర్ట్ పాత మాస్టారు, ఎవరికి ఎక్కడ కాలు జారుతుందో అతనికి తెలుసు. కంచె మూలన బొగ్గుల పొయ్యి రాజేసి సాసేజీలు కాల్చడం మొదలుపెట్టాడు. గాలి సరిగ్గా మావైపే వీస్తోంది.

వాగు మధ్యలో మందులషాపాయన ఆగాడు. "హార్ట్‌విగ్, నేను పొద్దున్నే ఏమీ తినలేదు," అన్నాడు.

"ముందుకి నడువు!"

"నడుస్తున్నాను కదా," అంటూ అతను పక్కకి నడిచాడు. ఆర్గనాయన అతని వెంటే వెళ్ళాడు. రెండు నిమిషాల్లో ఇద్దరూ శత్రువు కంచె మీద మోచేతులు ఆనించి ఆవాలముద్ద అడుగుతున్నారు.

"ద్రోహులు," అంది దొరసాని బైనాక్యులర్స్ దించకుండా. "మా ముత్తాత సైన్యం నయం. వాళ్ళు వానకి వెనక్కి వచ్చారు, సాసేజీకి కాదు."

హార్ట్‌విగ్ ఒక్కడే మిగిలాడు. వెనక్కి తిరిగొస్తాడనుకున్నాను. అతను మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఒకసారి మావైపు, ఒకసారి చెట్టువైపు చూశాడు. గొడుగుని డాలులా ముందుకి పట్టుకుని నడిచాడు. గిస్బర్ట్ పైపు తిప్పాడు. నీళ్ళు గొడుగు మీద వడగళ్ళలా మోగాయి. ఒక్కో అడుగు వేస్తాడు, జారతాడు, మోకాళ్ళ మీద పడతాడు, లేస్తాడు. గొడుగు వెనక్కి తిరగబడింది. దాన్ని పారేసి రెండు చేతులతో మొహం కప్పుకుని పరిగెత్తాడు. అది పరుగనడానికి వీల్లేదు గానీ, అతని వరకు పరుగే. వెళ్ళి బేరిచెట్టుని కౌగిలించుకున్నాడు.

"చెట్టు ముట్టుకుంటే చాలదు!" అని గిస్బర్ట్ అరిచాడు. "కాయ కోసుకెళ్ళాలి!"

"నాకు తెలుసండీ!"

కిందున్న కాయలన్నీ గిస్బర్ట్ తెల్లవారగానే కోసేసుకున్నాడు. పైకొమ్మల్లోనే ఉన్నాయి. హార్ట్‌విగ్ చెట్టెక్కడం మొదలుపెట్టాడు. మధ్యలో ప్యాంటు చిరిగింది. గిస్బర్ట్ కిందనుంచి నీళ్ళు కొడుతున్నాడు, తిడుతున్నాడు, మధ్యమధ్యలో "ఎడమ కాలు! ఎడమ కాలు ఆ కణుపు మీద పెట్టండి, పడతారు!" అని అలవాటుకొద్దీ పాఠం కూడా చెబుతున్నాడు.

సరిగ్గా అప్పుడు గ్రైఫెన్ చర్చి గంట ఒక్కసారి మోగింది. ఒంటిగంట.

గిస్బర్ట్ టక్కున పైపు కట్టేశాడు. కంచె దగ్గర నములుతున్నవాళ్ళు నమలడం ఆపారు. పక్కింటి మేడ మీద కిటికీ తెరుచుకుంది. ముసలాయన తల, ఆ తల పక్కనే ఫోను కనిపించాయి.

"లొంగిపోండి," అన్నాడు గిస్బర్ట్ గుసగుసగా.

"లొంగను," అన్నాడు హార్ట్‌విగ్ కొమ్మ మీదనుంచి, అంతకంటే మెల్లగా.

"అయితే చప్పుడు చేయకుండా పోరాడండి."

హార్ట్‌విగ్ చెయ్యి చాచి కాయ అందుకున్నాడు. పండి మగ్గిన కాయ. అందులో సగం కందిరీగలదే. ముందు ఒకటి వచ్చి ముక్కు మీద వాలింది. తర్వాత ఇంకొన్ని. అవి కుట్టడం వాగు ఇవతలనుంచి కూడా నాకు తెలిసింది, ఎందుకంటే అతని ఒళ్ళు ఒక్కో కుట్టుకి ఒక్కోసారి ఎగిరిపడింది. కాయ వదలలేదు. నోరు తెరవలేదు. చొక్కా కాలరు పళ్ళ మధ్య కరిచిపట్టుకున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ముక్కు మా కళ్ళముందే ముల్లంగిలా ఉబ్బుతోంది. కిటికీలో ముసలాయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. హార్ట్‌విగ్ గొంతులోంచి చిన్న మూలుగు కూడా రాలేదు.

గిస్బర్ట్ పైపు కింద పడేశాడు. కాళ్ళు దగ్గరగా పెట్టి, చెయ్యి నుదుటికి ఆనించి, సెల్యూట్ చేశాడు. చెప్పుల్లేవు కాబట్టి అది కూడా నిశ్శబ్దంగానే జరిగింది.

హార్ట్‌విగ్ దిగాడు, వాగు దాటాడు, కాయని దొరసాని ఒళ్ళో పెట్టాడు. ఆమె దాన్ని తిప్పి చూసి, చిరిగిపోయిన ప్యాంటు చూసి, ఆ ముక్కు చూసింది.

"మా వంశంలో ధైర్యవంతుల గురించి చాలా విన్నాను," అంది గుసగుసగా. "అందరూ అరుస్తూ పోరాడినవాళ్ళే. కందిరీగ కుడుతుంటే విశ్రాంతి వేళ పాటించినవాణ్ణి ఇదే చూడటం."

శాలువానుంచి పతకం తీసింది. శాలువా జారిపోతే నేను పట్టుకున్నాను. తడిసిన చొక్కాకి గుచ్చింది. హార్ట్‌విగ్ తల వంచి పతకాన్ని చూసుకున్నాడు. ఏదో అనబోయాడు గానీ పెదవులు కూడా ఉబ్బిపోయి మాట సరిగ్గా రాలేదు.

"ఇంక విను," అంది ఆమె. "మా ముత్తాత పెట్టిన నియమాలు రెండున్నాయి. ఇది పెట్టెలో పెట్టకూడదు. గడప దాటితే గుండె మీద ఉండాలి. రెండోది, దీన్ని తీసుకున్నవాడు ఐల్‌బర్గ్ సైన్యంలో ఉన్నట్టే. పిలిస్తే రావాలి."

"పెట్టెలో... పెట్టకూడదా?" అన్నాడు హార్ట్‌విగ్.

"పెట్టెలో పెడితే అది పతకమెలా అవుతుంది?"

తిరిగొచ్చేటప్పుడు హార్ట్‌విగ్ వ్యానులో నా పక్కన ఎక్కాడు. చల్లటి బీరు సీసా ముక్కుకి ఆనించుకుని కూర్చున్నాడు. ఊరి మొదట్లోకి వచ్చాక అన్నాడు, "నన్ను మన తూర్పు జర్మనీ సైన్యంలో కూడా తీసుకోలేదు, యుట్టా. పాదాలు చదునుగా ఉన్నాయన్నారు. నా పెట్టెల్లో ఉన్నవన్నీ ఎవరు సంపాదించుకున్నారో నాకు తెలీదు. ఎవరి భార్య అమ్ముకుందో, ఎవరి కొడుకు పారేశాడో. ఇది మాత్రం నాదే." సీసా తిప్పి పట్టుకుని, "ముక్కు చాలా నొప్పిగా ఉంది," అన్నాడు.

తర్వాత ఊళ్ళో అతనితో వేగడం కష్టమైపోయింది. సూపర్‌మార్కెట్లో పతకం, మంగలి దగ్గర పతకం, ఈతకొలనులో నీళ్ళలోకి దిగేటప్పుడు కూడా గుండె మీద గుచ్చే చోటు లేక మెడలో తాడుకి కట్టుకున్న పతకం. బస్సులో చీలమండ బెణికిన అమ్మాయి పక్కన నిలబడి, "నేనూ యుద్ధంలో గాయపడ్డవాణ్ణే," అంటూ ముక్కు చూపించాడట. ఆ బస్సు డ్రైవరు రోస్విథా శిష్యురాలే, సాయంత్రానికి ఇంటికి కబురందింది.

దొరసాని కూడా ఊరికే ఉండలేదు. నక్క తిరుగుతోందని రోజూ తెల్లవారుజామున కోళ్ళగూడు దగ్గర కాపలాకి పిలిచేది. హార్ట్‌విగ్ వెళ్ళేవాడు. పళ్ళు చెక్కిన చేతులతో కోళ్ళగూడు తలుపుకి కొత్త గొళ్ళెం బిగించాడు. గిస్బర్ట్ అప్పుడప్పుడూ నా హోటలుకి వచ్చి హార్ట్‌విగ్ ఎదురుగా కూర్చునేవాడు. వాళ్ళిద్దరూ మీరు అనడం మానేసి నువ్వు అనుకోవడం మొదలుపెట్టారు. "వసంతకాలంలో ఎదురుదాడి చేస్తాను, చూస్కో," అనేవాడు గిస్బర్ట్. "రారా, చూస్తాను," అనేవాడు హార్ట్‌విగ్. ఇద్దరూ గ్లాసులు తాకించి కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసుకుని తాగేవారు.

మే నెలలో గొడవొచ్చింది. రోస్విథా బాల్టిక్ సముద్రం ఒడ్డున రెండు వారాలకి ఇల్లు మాట్లాడింది. హార్ట్‌విగ్ సెలవడిగితే దొరసాని ఇవ్వలేదు.

"సరిహద్దు పరిస్థితి బాగాలేదంటోంది," అని అతను నా దగ్గర కూర్చుని తల పట్టుకున్నాడు. "రోస్విథాకి చెప్పాను. కోటు కూడా వేసుకోకుండా బయల్దేరింది. యుట్టా, దొరసానికి ఎనభై దాటాయి. రోస్విథా గొంతు ఆమె తట్టుకోలేదు."

మేమందరం కిటికీ దగ్గర నిలబడి కొట్టంవైపు చూస్తూ ఉన్నాం. అరుపులేమీ వినిపించలేదు. దానికే ఎక్కువ భయం వేసింది. చాలాసేపటికి రోస్విథా వచ్చింది. తలుపు తీసుకుని లోపలికొచ్చి మొగుడి ముందు ఆగింది.

"లేచి నిలబడు," అంది.

"ఏమైంది?"

"ముందు నిలబడు. నీ పైఅధికారితో కూర్చుని మాట్లాడతావా?" జేబులోంచి ఒక పాత భుజకీర్తి తీసి బల్ల మీద పెట్టింది. బంగారు దారం సగం ఊడిపోయి ఉంది. "నన్ను జనరల్‌ని చేసింది. నీలాంటివాణ్ణి ఇన్నేళ్ళు అదుపులో పెట్టినదానికి సైన్యం ఒక లెక్కా అంది. మంచి మనిషి. ఇన్నాళ్ళూ ఆమె గురించి నువ్వు సరిగ్గా చెప్పనేలేదు."

"మరి సెలవో?" అన్నాడు హార్ట్‌విగ్ నిలబడే.

"మంజూరు చేశాను. ఆమె కూడా మనతోనే వస్తోంది. సముద్రం చూసి నలభై ఏళ్ళయిందట. నువ్వు ఆమె కుర్చీ మోయాలి."

"కోళ్ళు?"

రోస్విథా మూలబల్ల దగ్గర నవ్వు ఆపుకుంటున్న గిస్బర్ట్‌వైపు తిరిగింది. "రౌహ్ గారూ, రెండు వారాలు కాల్పుల విరమణ. కోళ్ళని మీరు చూసుకోవాలి. ఒక్కటి తగ్గినా యుద్ధం మళ్ళీ మొదలవుతుంది, ఈసారి నేను వస్తాను."

గిస్బర్ట్ కూడా లేచి నిలబడ్డాడు. "సరేనండీ," అన్నాడు.

వాళ్ళు ముగ్గురూ రోస్విథా పాత కారులో వెళ్ళిపోయారు. వెనక సీట్లో దొరసాని, డిక్కీలో మడత కుర్చీ. తర్వాతి ఆదివారం పొద్దున నేను గుడ్ల కోసం కొట్టానికి వెళ్ళాను. గిస్బర్ట్ గూడు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఈసారి బూట్లు వేసుకున్నాడు, వాటికి పాలిష్ కూడా చేశాడు.

"సంకేత పదం?" అన్నాడు.

"ఏం సంకేతమయ్యా? నేను యుట్టాని! రెండుసార్లు ఏడిపించావు, గుర్తులేదా?"

"సంకేత పదం లేనిదే ఇవ్వొద్దని మీ జనరల్ గారి ఆజ్ఞ."

ఎంత బతిమాలినా వినలేదు. గట్టిగా తిడదామంటే ఆదివారం. ఆ రోజు నల్ల గుర్రంలో ఆమ్లెట్ అడిగినవాళ్ళందరికీ రొట్టె, వెన్న పెట్టి పంపించాను.